పొలిమేర నడిచొచ్చిన ఊరు

(సరిహద్దు నగరాలు – 9వ భాగం)

పోయిన వారం ఇస్తాంబుల్ పాత కోటగోడ దగ్గర ఆగాం. 1453లో ఆ గోడను బద్దలుకొట్టిన పెద్ద ఫిరంగిని ఎక్కడ పోతపోశారో ఈ వారం చెబుతానన్నాను. ఆ ఊరికే ఇప్పుడు బయల్దేరుతున్నాం.

ఇస్తాంబుల్ నుంచి వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటల ప్రయాణం. దారి పొడుగునా చదునైన థ్రేస్ మైదానం. పొద్దుతిరుగుడు చేలు, గోధుమ కోసిన మోళ్ళు, మళ్ళీ పొద్దుతిరుగుడు చేలు. అలా పోతూ ఉండగా ఆకాశం అంచున నాలుగు సన్నటి గీతలు నిలువుగా లేచాయి. ఊరింకా కనబడటం లేదు. ఆ నాలుగు గీతలే కనిపిస్తున్నాయి. సెలీమియే మసీదు మినార్లవి. పక్క సీట్లో ముసలాయన వాటిని చూడగానే ఒళ్ళోని సంచీ సర్దుకున్నాడు. అంటే ఊరొచ్చేసినట్టే.

ఊరి పేరు ఎదిర్నే. పాత చరిత్ర పుస్తకాల్లో అద్రియానోపుల్. బల్గేరియా ఇక్కడికి అరగంట దూరం, గ్రీసు అంతకన్నా దగ్గర. కపికులే అనే సరిహద్దు ద్వారం ఈ ఊరి పక్కనే ఉంది. యూరప్ నుంచి టర్కీకి వచ్చే లారీలు అక్కడ మైళ్ళ పొడవున బారులు తీరతాయి.

ఈ ధారావాహికలో ఇంతవరకు చూసిన ఊళ్ళు చాలావరకు పుట్టుకతోనే సరిహద్దు ఊళ్ళు. కాపలా కోసం కోట కట్టారు, కోట చుట్టూ ఊరు పెరిగింది. ఎదిర్నే కథ తిరగబడిన కథ. ఒకప్పుడు ఇది సామ్రాజ్యానికి నడిబొడ్డు. నాలుగు దిక్కులా వందల మైళ్ళ దాకా ఒకే సుల్తాను ఏలుబడి. ఊరు ఉన్నచోటే ఉంది. పొలిమేరే జరుగుతూ జరుగుతూ వచ్చి దీని గుమ్మంలో కూచుంది. ఆ జరుగుడే నేను చెప్పదలచిన కథ.

ముందు నేల సంగతి. తుంజా, ఆర్దా అనే రెండు నదులు ఇక్కడికొచ్చి మెరిచ్ నదిలో కలుస్తాయి. బెల్‌గ్రేడ్ నుంచి ఇస్తాంబుల్‌కు పోయే రోమన్ల నాటి సైనిక మార్గం ఈ కూడలి మీదుగానే సాగుతుంది. కొండలు అడ్డం లేవు, నీళ్ళకు కొదవ లేదు. వర్తకుడికి ఎంత సుఖమో సేనకూ అంతే సుఖం. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 2వ శతాబ్దంలో ఈ ఊరిని పెంచి తన పేరు పెట్టాడు. 378 ఆగస్టు 9న ఈ ఊరి బయటే గోత్‌లు రోమన్ సేనను నరికి పోగులు పెట్టారు. చక్రవర్తి వాలెన్స్ ఆ యుద్ధంలోనే చచ్చిపోయాడు, శవం కూడా దొరకలేదు. 1205లో బల్గేరియా రాజు కలోయాన్ ఇక్కడే కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే నేటి ఇస్తాంబుల్‌ను, ఏలుతున్న లాటిన్ చక్రవర్తిని ఓడించి బందీగా పట్టుకుపోయాడు. ఇన్ని పెద్ద యుద్ధాలు చూసిన నేల లోకంలో చాలా అరుదు.

1360లలో ఒట్టోమన్లు ఊరిని పట్టుకున్నారు. కొన్నాళ్ళకే రాజధాని ఆసియా ఒడ్డునున్న బుర్సా నుంచి ఇక్కడికి మారింది. కాన్‌స్టాంటినోపుల్ గెలిచేదాకా ఇదే పీఠం. ఆ నగరాన్ని గెలిచిన రెండో మెహ్మద్ 1432లో పుట్టింది ఎదిర్నేలోనే.

ఇక ఫిరంగి. ఓర్బాన్ అనే హంగరీ లోహపు పనివాడు ముందు తన విద్యను కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తికే అమ్మజూపాడు. అక్కడ డబ్బు లేదు. సుల్తాను దగ్గరికొస్తే అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాడు. 1453 మొదట్లో ఎదిర్నే రాజభవనం ముందు దాన్ని పేల్చి చూశారు. దూకాస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఆ రోజు గురించి రాసిన ఒక సంగతి నా మనసులోంచి పోవడం లేదు. ముందురోజే ఊరంతా చాటింపు వేయించారట. రేపు పిడుగు లాంటి చప్పుడవుతుంది, ఎవరూ గుండె చెదిరి మాట పడిపోవద్దు, గర్భిణులు జాగ్రత్తగా ఉండండి అని. గుండు మైలు దూరం పోయి నేలలో దిగబడిందట. తర్వాత అరవై ఎద్దులు కట్టి, పక్కన వందల మంది పట్టుకుని, ముందు వడ్రంగులు వంతెనలు సరిచేస్తూ పోతుంటే, నేను మూడు గంటల్లో వచ్చిన దారిని ఆ ఫిరంగి రెండు నెలల్లో దాటింది. కాన్‌స్టాంటినోపుల్ గోడల గురించి చదివేటప్పుడు రాజులే గుర్తొస్తారు. నాకు మాత్రం ఆ చాటింపు విని చెవులు మూసుకోవడానికి సిద్ధపడిన గర్భిణులు గుర్తొస్తారు.

రాజధాని పోయినా సుల్తాన్లు ఊరిని వదల్లేదు. యూరప్ మీదికి దండయాత్ర అంటే సేన కూడేది ఇక్కడే. తుంజా ఒడ్డున అడవి, వేట, చల్లగాలి. 17వ శతాబ్దంలో నాలుగో మెహ్మద్ ఏళ్ళ తరబడి ఇక్కడే కాపురం పెట్టాడు. 1683లో వియన్నా ముట్టడికి సేన కదిలింది ఈ ఊరి నుంచే. అప్పటి సరిహద్దు హంగరీ అవతల, ఇక్కడి నుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాట. ఆ దూరాన్ని గుర్తుపెట్టుకోండి.

సెలీమియేలోకి వెళ్దాం. వాస్తుశిల్పి సినాన్ దీన్ని మొదలుపెట్టేసరికి అతనికి ఎనభై ఏళ్ళ దగ్గర. కైసేరి దగ్గర పల్లెలో క్రైస్తవుల ఇంట పుట్టి, పిల్లల పన్నులో సుల్తాను సేవకు వచ్చి, సైన్యంలో వంతెనలు కట్టి పేరు తెచ్చుకున్నవాడు. ఇస్తాంబుల్ షెహ్జాదే మసీదును తన శిష్యరికమనీ, సులేమానియేను చేయి తిరిగిన పనివాడి పని అనీ, సెలీమియేను గురువు స్థాయి పని అనీ తనే చెప్పుకున్నాడంటారు. 1560ల చివర పునాది పడింది, 1575 నాటికి పూర్తయింది. కట్టించిన రెండో సెలీమ్ 1574 డిసెంబరులోనే పోయాడు. తన పేరు పెట్టుకున్న మసీదులో నమాజు చేసే భాగ్యం అతనికి దక్కలేదు.

లోపలికి అడుగు పెట్టగానే తల దానంతటదే పైకి లేస్తుంది. గుమ్మటం అడ్డుకొలత 31 మీటర్ల పైచిలుకు. అంతకు వెయ్యేళ్ళ కిందటి అయా సోఫియా గుమ్మటాన్ని ముస్లిం శిల్పులెవ్వరూ మించలేరని ఎగతాళి చేసేవాళ్ళట. ఆ మాట సినాన్ గుండెలో ముల్లులా ఉండిపోయింది. తన జీవితకథ చెప్పి రాయించుకున్నప్పుడు, ఈ గుమ్మటం దానికన్నా పెద్దదని మూరల లెక్కతో సహా చెప్పించాడు. నేటి కొలతల్లో రెండూ దాదాపు సమానం. అసలు గొప్ప వెడల్పులో లేదని నాకనిపిస్తుంది. అంత బరువును ఎనిమిది స్తంభాల మీద మోయించి, ఆ స్తంభాలను గోడల వైపుకు జరిపి, మధ్యనంతా ఖాళీగా ఒదిలేశాడు. ఎక్కడ నిలబడ్డా గుమ్మటం మొత్తం కనబడుతుంది. చక్రవర్తి తలెత్తినా, కూలివాడు తలెత్తినా కనబడేది అదే కప్పు.

ఒక్కో మినారు 70 మీటర్ల పైనే. ఒక్కోదానికి మూడేసి వసారాలు. ఉత్తర వైపున్న రెండు మినార్లలో మూడేసి మెట్లదారులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి. ముగ్గురు మనుషులు ఒకేసారి ఎక్కి, ఒకరికొకరు ఎదురుపడకుండా మూడు వసారాలకు చేరవచ్చు. బయట నుంచి చూస్తే మినారు చెరుకుగడంత సన్నగా ఉంటుంది.

గుమ్మటం కింద సరిగ్గా నడిమధ్యన, చిన్న నీటిబుగ్గ మీద, పాలరాతి కాళ్ళతో ఒక వేదిక ఉంది. దాని ఒక కాలి మీద అరచేయంత తులిప్ పువ్వు చెక్కి ఉంది, తలకిందులుగా. ఈ స్థలం ఒకప్పుడు తులిప్ తోట అనీ, అమ్మనని మొండికేసిన తోట యజమాని గుర్తుగా శిల్పి దాన్ని తిరగేసి చెక్కాడనీ ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమో కథో గానీ, నాలుగు వందల ఏళ్ళుగా జనం వేళ్ళతో తడిమి తడిమి ఆ రాయి నున్నబడింది. ఎనిమిది స్తంభాల మధ్య నిలబడి, అంత గుమ్మటం కింద, ఆ చిన్న పువ్వు కోసం వంగి వెతకని మనిషి నాకు కనబడలేదు.

మసీదు దిగి తుంజా ఒడ్డుకు నడిస్తే రెండో బయాజిద్ కట్టించిన ఆసుపత్రి. 1484లో మొదలై 1488లో పూర్తయింది. పక్కనే వైద్య విద్యాలయం. మతి చలించిన రోగులకు ఇక్కడ నీటి గలగల, పూలవాసన, సంగీతం మందుగా ఇచ్చేవారు. 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ, పదిమంది గాయక వాదకులు వారానికి మూడుసార్లు వచ్చి రోగుల ముందు వాయించేవారని రాశాడు. ఏ రాగం ఏ రోగానికో లెక్క కూడా ఉండేది. ఆరుకోణాల హాలులో మధ్యన నీటితొట్టి, పైన గుమ్మటం. చిన్నగా మాట్లాడినా మాట అన్ని గదులకూ పోతుంది. ఇప్పుడది వైద్య చరిత్ర ప్రదర్శనశాల.

వైద్యం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1717 ఏప్రిల్ 1న ఈ ఊరి నుంచి ఇంగ్లండ్‌కు ఒక ఉత్తరం వెళ్ళింది. రాసింది బ్రిటిష్ రాయబారి భార్య మేరీ మాంటేగ్యూ. మశూచికి తమ్ముణ్ణి పోగొట్టుకుని, తనూ ఆ జబ్బుపడి ముఖం మచ్చలు చేసుకున్న మనిషి. ఇక్కడ ముసలమ్మలు శరత్కాలంలో ఇంటింటికీ వచ్చి, అక్రోటు చిప్పలో మశూచి రసి తెచ్చి, పెద్ద సూదితో చర్మం గీరి, సూదిమొన మీద పట్టినంత లోపలికెక్కించి, పైన చిప్ప పెట్టి కట్టు కడతారని వివరంగా రాసింది. కొద్ది రోజుల జ్వరంతో పోతుంది, ఇక జన్మలో మశూచి రాదు. మరుసటి ఏడు ఇస్తాంబుల్‌లో తన కొడుక్కి వేయించింది, 1721లో లండన్‌లో కూతురికి. జెన్నర్ గోమశూచి టీకాకు ముందటి మాట ఇది. మన పల్లెల్లో పొలిమేర కాచే పోలేరమ్మే మశూచికీ దేవత. ఆ తల్లికి దణ్ణం పెట్టి పెరిగిన వాళ్ళకు, ఎదిర్నే ముసలమ్మల అక్రోటు చిప్ప విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పొలిమేర జరిగిన కథకు వద్దాం. వియన్నా ముట్టడి చెడింది. 1686లో బుడా పోయింది. 19వ శతాబ్దంలో సెర్బియా, గ్రీసు, రుమేనియా, బల్గేరియా ఒక్కొక్కటే జారిపోయాయి. 1829లో రష్యా సేన ఎదిర్నేలోకి వచ్చి, ఇక్కడే సంధి రాయించుకుపోయింది. 1878లో మళ్ళీ వచ్చింది. తుంజా మధ్యలో లంకలా ఉన్న పాత రాజభవనంలో మందుగుండు దాచి ఉంచారు. అది రష్యన్ల చేతికి చిక్కకూడదని ఒట్టోమన్ అధికారులే నిప్పు పెట్టించారు. నాలుగు వందల ఏళ్ళ భవనం గాలిలోకి లేచిపోయింది. సుల్తాను సులేమాన్ కాలంలో కట్టిన న్యాయమండపం, కొన్ని మొండిగోడలు, వంటశాల గుమ్మటాలు మిగిలాయి. మొలకెత్తిన గడ్డిలో ఆ మొండిగోడల మధ్య నడుస్తుంటే కడుపులో దేవినట్టయింది. శత్రువు కూల్చిందానికన్నా సొంతవాళ్ళు కూల్చుకోవలసి వచ్చిందే ఎక్కువ బాధ.

1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం మొదలైంది. కొద్ది రోజుల్లోనే బల్గేరియా సేన ఊరిని చుట్టుముట్టింది, తర్వాత సెర్బులూ తోడయ్యారు. అక్టోబరు 29న మిల్కోవ్, తరాక్‌చీవ్ అనే ఇద్దరు బల్గేరియా సైనికులు విమానమెక్కి వచ్చి, ఊరి శివారులోని కారాఆచ్ రైల్వేస్టేషను మీద బాంబులు విసిరారు. అంతకుముందటి ఏడు లిబియాలో ఇటలీ వాళ్ళు చేసిన పని యూరప్ గడ్డ మీదికి వచ్చింది. తలెత్తి చూస్తే మినార్లు కనబడే ఊళ్ళో, ఆకాశాన్ని చూసి భయపడటం ఆనాడు మొదలైంది.

కోట సేనాని షుక్రూ పాషా. ఊరి చుట్టూ బురుజులు, లోపల సైనికులు, వాళ్ళతో పాటు చుట్టుపక్కల పల్లెల నుంచి పరుగెత్తుకొచ్చిన జనం. ముట్టడి దాదాపు అయిదు నెలలు. చలికాలం, మంచు, కలరా. ముందు ఉప్పు కరువైంది, తర్వాత పిండి. చివరకు చీపురుజొన్న గింజలు విసిరి రొట్టెలు కాల్చుకుతిన్నారని ఈ ఊరివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 1913 మార్చి 26న ఊరు పడిపోయింది. బందీలైన సైనికులను ఆ పాత రాజభవనపు లంకలోనే పడేశారు. తిండి లేక చెట్ల బెరడు ఒలిచి తిన్నారు. వేలమంది అక్కడే పోయారు. చెట్లు మనిషి చెయ్యి అందినంత ఎత్తుదాకా తెల్లగా ఒలిచి ఉన్నాయని ఆ కాలంలో చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

ఈ ముట్టడి వార్త మన దేశంలోనూ ఇళ్ళను కుదిపింది. ఢిల్లీ నుంచి డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ వైద్యబృందాన్ని వెంటబెట్టుకుని 1912 డిసెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కాడు. ఖర్చుకు మహమ్మదలీ ‘కామ్రేడ్’ పత్రిక చందాలు పోగుచేసింది. కవి ఇక్బాల్ ‘ముహాసరా-ఎ-అద్రనా’ పేరుతో, అంటే ఎదిర్నే ముట్టడి మీదే, పద్యం రాశాడు. ఆకలి వేళ సేనాని ధాన్యమంతా స్వాధీనం చేసుకోమంటే, మన రక్షణలో ఉన్న ఇతర మతస్థుల గింజ మనకు నిషిద్ధమని ధర్మశాస్త్రి తీర్పు చెప్పడం, సేన ఆ తీర్పుకు తలవంచడం అందులోని కథ. ఆకలితో ఉన్న ఊరికి ఒక కవి ఇవ్వగలిగిన గౌరవం అది.

1913 జులైలో ఒట్టోమన్లు ఊరిని తిరిగి పట్టుకున్నారు. 1920లో గ్రీసు చేతికి పోయి, 1922 నవంబరులో మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక్క పదేళ్ళలో ఇన్ని జెండాలు. 1923లో లోజాన్ ఒప్పందం కుదిరాక గీత మెరిచ్ నది మీద పడింది. వెయ్యి కిలోమీటర్ల అవతల ఉండిన పొలిమేర, ఊరి నుంచి నడిచిపోగలిగేంత దగ్గరికి వచ్చేసింది.

గీత పడ్డాక ఊరు వెలితిపడింది. ఇక్కడి యూదుల సంగతే చూడండి. 1905 అగ్నిప్రమాదంలో పదమూడు యూదు ప్రార్థనాలయాలు కాలిపోతే, వాటన్నిటికీ బదులుగా 1909లో పెద్ద సినగాగ్ కట్టుకున్నారు. 1492లో స్పెయిన్ వెళ్ళగొడితే ఇక్కడికి వచ్చి బతికిన వాళ్ళ వారసులు. 1934లో యూదుల మీద జరిగిన అల్లర్ల తర్వాత చాలామంది మూటముల్లె సర్దుకున్నారు. సినగాగ్ కూలిన కప్పును బాగుచేసి 2015లో మళ్ళీ తెరిచారు. పసుపు రంగు గోడలతో కొత్తగా మెరుస్తోంది, రోజూ ప్రార్థనకు వచ్చే మనుషులే లేరు.

మధ్యాహ్నం భోజనానికి ఇక్కడ అందరూ తినేది వేపుడు కాలేజం. ఉల్లిపొరంత పల్చగా కోసి, పిండి పొర్లించి, నూనెలో కరకరలాడేలా తీస్తారు. పక్కన ఎండుమిరపకాయలు నూనెలో వేయించి పెడతారు. మన మజ్జిగ మిరపకాయలు కొరికినట్టే విరుగుతాయి. తిని లేచి పాత బజారులోకి వెళ్తే, ఒక కొట్లో చీపుర్లు వేలాడుతున్నాయి. రంగు గుడ్డ చుట్టి, పూసలు కుట్టి, మధ్యలో అరచేతి అద్దం పొదిగిన చీపుర్లు. కొత్తకోడలు పుట్టింటి నుంచి తెచ్చుకునే సారె. ఊడుస్తూ ఊడుస్తూ ముఖం చూసుకుని బొట్టూ కాటుకా సరిచేసుకోవచ్చన్నమాట. ఒకటి కొన్నాను. కొట్టాయన దాన్ని కాగితంలో చుడుతుంటే రెండు గింజలు రాలి బల్ల మీద పడ్డాయి. ఎర్రగా, గట్టిగా, జొన్నగింజలే. 1913లో రొట్టెలైనవి ఇవేనని తట్టింది. వేలితో ఎత్తి జేబులో వేసుకున్నాను.

ఊరి నూనె కుస్తీలకూ సరిహద్దుతో ముడి ఉంది. మల్లులు తోలు లాగు తొడిగి, ఒళ్ళంతా ఆలివ్ నూనె పోసుకుని కుస్తీ పడతారు. పక్కన దావుల్, జుర్నా మోగుతాయి. మన డోలు, సన్నాయిలకు దగ్గరి చుట్టాలు. 14వ శతాబ్దంలో ఇద్దరు సైనికులు గెలుపు తేలక రాత్రిదాకా పట్టుపట్టి ప్రాణం విడిచారనీ, వాళ్ళను పాతిన చోట నలభై ఊటలు పుట్టాయనీ కథ. కర్క్‌పినార్ అంటే నలభై ఊటలు. ఆ ఊటల మైదానం ఇప్పుడు గ్రీసులో ఉంది. గీత పడగానే మైదానం అవతలికి పోయింది, కుస్తీ ఇవతలికి వచ్చింది. 1924 నుంచి ఆ పాత రాజభవనపు లంకలోనే ప్రతి ఏటా జరుపుతున్నారు. బందీలు ఆకలితో పోయిన నేల మీదే ఇప్పుడు ఎండాకాలంలో వేలమంది కూర్చుని చప్పట్లు కొడతారు.

సాయంత్రం తుంజా వంతెన, మెరిచ్ వంతెన దాటి కారాఆచ్‌కు నడిచాను. మెరిచ్ అవతల టర్కీకి మిగిలిన ముక్క ఇదొక్కటే. యుద్ధనష్టం కింద గ్రీసు డబ్బు చెల్లించలేనంటే, లోజాన్‌లో డబ్బుకు బదులుగా ఈ చిన్న ఊరిని తీసుకున్నారు. ఇక్కడి రైల్వేస్టేషను కోటలా రెండు బురుజులతో నిలిచి ఉంది. మిమార్ కెమాలెద్దీన్ కట్టాడు. రైళ్ళు రావు. ఇప్పుడది లలితకళల కళాశాల. గీత పడిన విచిత్రం వల్ల, ఇస్తాంబుల్ నుంచి ఎదిర్నేకు వచ్చే రైలు సొంత దేశంలోని సొంత ఊరికి రావడానికి మధ్యలో గ్రీసు నేల మీదుగా రావలసి వచ్చేది. 1971లో కొత్త పట్టాలు వేసేదాకా అదే తంతు. స్టేషను ముందు మిగిలిన పట్టాల ముక్క మీద పాత ఆవిరి ఇంజను ఒకటి నిలబెట్టి ఉంది. పిల్లలు ఎక్కి ఆడుకుంటున్నారు.

ఈ స్టేషను మీదుగా పోయిన ఒక రైలు కథ కూడా చెప్పాలి. 1924 మార్చి 3న కొత్త టర్కీ శాసనసభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా తెల్లవారేలోగా దేశం దాటించాలని ఆజ్ఞ. జనం గుమిగూడకుండా ఇస్తాంబుల్ పెద్ద స్టేషనును వదిలి, ఊరి బయట చతాల్జా అనే చిన్న స్టేషనులో రైలెక్కించారు. యూరప్‌కు దారి ఇదే. ఆ రైలు ఈ కారాఆచ్ మీదుగానే దేశం దాటింది. రైలులో ఖలీఫా కూతురు కూడా ఉంది, పదేళ్ళ పిల్ల. పేరు దుర్రె షెహ్వార్. ఏడేళ్ళ తర్వాత ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిజాం పెద్దకొడుకు ఆజంజాతో పెళ్ళయింది. హైదరాబాదుకు కోడలై వచ్చింది. పురానీ హవేలీలో ఆమె పేరు మీదున్న పిల్లల ఆసుపత్రి ముందు ఇవాళ కూడా తల్లులు చంటిబిడ్డలను ఎత్తుకుని చీటీ కోసం నిలబడి ఉంటారు.

(సశేషం)